చెరువుకు క్షవరం

పచ్చదనం ఎక్కువైందని ఏడ్చేవాళ్లను మీరెక్కడైనా చూశారా? మా ఫ్లోరిడాలో ఉన్నారు. ఆఫీసులు పెట్టుకుని, ఏసీ వేసుకుని మరీ ఏడుస్తారు!

"లాన్‌కు నత్రజని ఎరువు వేయకండి, వానకు కొట్టుకుపోయి చెరువులో కలుస్తుంది, చెరువు నాచు పట్టి పచ్చగా అయిపోతుంది" అని వాళ్ల గోల. అయితే కానివ్వండి! 'నీ కాపురం పచ్చగా ఉండాలి' అంటే దీవెనా, శాపమా? మనిషి కాపురం పచ్చగా ఉండొచ్చు గానీ చేప కాపురం పచ్చగా ఉండకూడదా? ఇదెక్కడి న్యాయం?

అయ్యా, అమ్మా! ఎరువు ఒక వరం. ఎరువు వేస్తే పరువు. వేయకపోతే పచ్చదనానికి కరువు. మధ్యలో ఏదైనా మిగిలిపోతే, దాన్ని మోయడానికి ఉండనే ఉంది చెరువు. ఇంత సుఖమైన ఏర్పాటు చేసిన భాషను చేతులెత్తి మొక్కక, నీళ్లను సీసాల్లో పట్టి పరీక్షలు చేస్తామంటారేమిటి?

'ఎరువు సొమ్ము బరువు చేటు' అన్నారు పెద్దలు. నిజమే, అరువు తెచ్చుకున్న నగ గురించి అన్నారు. లాన్ గురించి అనలేదు. లాన్‌కూ లోన్‌కూ గుణింతంలోనే తేడా అని గొణిగేవాళ్లను మా కాలనీలోకి రానివ్వం.

మా కాలనీ పేరు స్పూన్‌బిల్ లేక్స్. స్పూన్‌బిల్ అంటే చెంచా ముక్కు కొంగ. కాలనీకి ఏ పక్షి పేరు పెడితే ఆ పక్షి అక్కణ్ణించి ఎగిరిపోవాలన్నది మా దేశాచారం. కొంగ పోయింది. చెంచాలు మిగిలారు. బిల్లులు వస్తున్నాయి.

ఇక ప్రభుత్వం వారి చట్టం సంగతి. వానాకాలం నాలుగు నెలలూ లాన్‌కు నత్రజని వేయరాదు. జూన్ ఒకటి నుంచి నిషేధం. చట్టాన్ని మేం తు.చ. తప్పకుండా పాటిస్తాం. కాబట్టే మే నెల ఆఖరి రోజు మాకు పండుగ. రేపు ఏకాదశి అంటే ఇవాళ రాత్రే రెండు రోజుల అన్నం లాగించే భక్తులు మీకు తెలిసే ఉంటారు. మేం నాలుగు నెలల భోజనం లాన్‌కు ఒక్క పూటలో వడ్డిస్తాం. వీధి వీధంతా ఎరువు చల్లే తోపుడు బండ్లు గిరగిరా తిరుగుతుంటాయి, ఎరువు గుళికలు అక్షింతల్లా రాలుతుంటాయి. పెళ్లికొడుకు గడ్డి. పెళ్లికూతురు ఎవరో సాయంత్రం వాన వచ్చాక గానీ తెలియదు.

ఈ పండుగలో అందరికంటే భక్తుడు హార్లాన్ గాడిస్. పేరు చివర లాన్, ఇంటిపేరు మొదట, కాస్త నొక్కి పలికితే, గడ్డి. పుట్టినప్పుడే నుదుట ఇంత పచ్చగా రాసిపెట్టి ఉంటే మనిషి ఏం చేస్తాడు చెప్పండి! ఒహాయోలో మంగలి షాపు నడిపాడు. ఉద్యోగకాలమంతా గడ్డాలు గీశాడు, విశ్రాంతి తీసుకుందామని ఇక్కడికొచ్చి గడ్డి గీస్తున్నాడు. పెద్ద తేడా లేదంటాడు. గడ్డి కబుర్లు చెప్పదు, టిప్పూ ఇవ్వదు. అంతే.

అతని భార్య లవర్న్. జార్జియా ఆడపడుచు. పేరులో లవ్ ఉంది గానీ అది లాన్ మీద కాదు, చెరువు మీద. వాళ్ల పెరటి వెనక, వాననీళ్లు నిలవడానికి కాలనీవాళ్లు తవ్విన చెరువు ఉంది. పొద్దున్నే కాఫీ పట్టుకుని గట్టున మడత కుర్చీ వేసుకుని గాలం వేయడం ఆమెకు పూజ. అందులో ఒక ముసలి బాస్ చేప ఉంది. దానికామె 'పాస్టర్' అని పేరు పెట్టింది. నోరు పెద్దది, పొట్ట పెద్దది, వారమంతా దొరుకుతాడు గానీ ఆదివారం మాత్రం దొరకడు. పట్టడం, కాసేపు కష్టసుఖాలు చెప్పుకోవడం, వదిలేయడం. హార్లాన్‌తో కంటే పాస్టర్‌తోనే ఆమెకు మాటలెక్కువ. పాస్టర్ మధ్యలో ఎరువు ధర ఎత్తడు మరి!

హార్లాన్‌కు జీవితంలో ఒకే కోరిక. 'ఈ నెల మేటి లాన్' అని కాలనీ సంఘం నెలనెలా ఒకరి గడ్డిలో పాతే బోర్డు తన గడ్డిలో పడాలి. ఆ బోర్డు శీతాకాలం నుంచీ పక్కింటి ఎర్ల్ డింకిన్స్ గడ్డిలోనే వేళ్లూని ఉంది. ఎర్ల్ పాత ఇన్సూరెన్స్ ఏజెంటు. పలకరింపులో కూడా పాలసీ ఉంటుంది.

మే ఆఖరి రోజున ఎర్ల్ కంచె మీంచి తొంగిచూశాడు.

"ఏంటి హార్లాన్, ఒక్క సంచేనా? పెన్షన్ ఇంకా పడలేదా?"

"ఇది టిఫినే ఎర్ల్. భోజనం గరాజ్‌లో ఉంది."

"నా గడ్డికి విందు పెట్టేశా బాబూ. త్రేన్పులు వినపడట్లా?"

అంతే. హార్లాన్ గరాజ్‌లోకి పోయి ఉన్న సంచులన్నీ భుజాన వేసుకొచ్చాడు. సంచి మీద 'ఎన్' అని పెద్దక్షరం ఉంటుంది. ఎన్ అంటే నత్రజని అంటారు శాస్త్రజ్ఞులు. ఎన్ అంటే 'ఎన్ని వేస్తే అన్ని' అని హార్లాన్ లెక్క. మనిషిని బట్టి అర్థం!

గట్టున కుర్చీ మడుస్తూ లవర్న్ ఆకాశం వైపు చూసింది.

"హార్లాన్, ఆ మబ్బు చూశావా?"

"చూశా హనీ. మంచిదేగా. తడిస్తే బాగా ఇంకుతుంది."

"ఇంకదు, దొర్లుతుంది. మన పెరడంతా చెరువు వైపే వాలి ఉంది."

"నువ్వు చేపల సంగతి చూసుకో, గడ్డి సంగతి నాకొదిలెయ్."

"అదే కదయ్యా నేను చెప్పేది. చేపల సంగతే చూసుకుంటున్నా."

సాయంత్రం వాన కురిసింది. మామూలు వాన కాదు, ఫ్లోరిడా వాన. బక్కెట్లతో కాదు, బకాయిలతో సహా కురుస్తుంది. పెరళ్లన్నీ కడుక్కుంటూ, వీధి కాల్వలన్నీ ఊడ్చుకుంటూ, గొట్టంలోంచి హార్లాన్ పెరటి వెనక చెరువులో పడింది. పెళ్లికూతురు ఎవరో అప్పుడు తేలింది.

తర్వాత జరిగిన దాన్ని కొందరు విపత్తు అంటారు. భాష రాకపోతే అలాగే అంటారు! మన భాష ఎంత దయగలదో చూడండి. ఆకూ పచ్చే, పసుపూ పచ్చే. మోతాదు మించిన ఎరువుకు హార్లాన్ గడ్డే కాదు, వీధి గడ్డంతా వేళ్లు మాడి పసుపుపచ్చ అయింది. కొట్టుకుపోయిన ఎరువు తాగి చెరువు ఆకుపచ్చ అయింది. అటు చూస్తే పచ్చ, ఇటు చూస్తే పచ్చ. ఇంకేం కావాలి మనిషికి?

చెరువు పచ్చ మామూలు పచ్చ కాదు. ఒక్క కలుపు మొక్క లేదు, ఒక్క మచ్చ లేదు. మంగలి దువ్వి నూనె రాసినంత నున్నగా ఉంది. గొట్టం పడే చోటు కావడంతో, హార్లాన్ పెరటి వెనక అది మరీ చిక్కగా, గట్టేదో నీరేదో తెలియకుండా పరుచుకుంది. ఆ పచ్చ కింద పాస్టర్ ఉన్నాడు. తెల్లవారుతూనే పైకొచ్చి నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. ప్రసంగం మాత్రం రావడం లేదు.

"వాడికి ఊపిరాడట్లేదు. రాత్రంతా ఆ నాచే నీళ్లలో గాలి తాగేస్తోంది" అంది లవర్న్. "సంఘం వాళ్లకి చెప్పు హార్లాన్. ఇట్లా జరిగింది, చెరువు పాడైంది, ఏదో ఒకటి చెయ్యండి అని చెప్పు."

"చెప్తాలే హనీ. ఇవాళే చెప్తా" అన్నాడు హార్లాన్. నిజంగానే చెప్పేవాడు. టోపీ కూడా పెట్టుకున్నాడు. కానీ గుమ్మం దాటకముందే సంఘమే గోల్ఫ్ బండెక్కి అతని ఇంటికి వచ్చేసింది.

వచ్చినావిడ మిర్నా స్లోకమ్, పచ్చిక కమిటీ అధ్యక్షురాలు. పేరుకు తగ్గట్టు నోరు తెరిస్తే శ్లోకమే, అదీ కాలనీ నిబంధనల పుస్తకంలోంచి. కమిటీ అంటే మీకు తెలుసుగా, 'కమ్ ఇటు' అంటే అటు పోయేది. జూన్ ఎండలో బండి దిగి గడ్డి చూడటం పదవికి తగదని, ఈసారి కమిటీ డ్రోన్ ఎగరేసి పైనుంచి ఫోటోలు తీయించి తీర్పు చెప్పింది. ఫోటోలో హార్లాన్ ఇంటి ముందు పసుపు. వెనక మాత్రం, ఆహా!

"మిస్టర్ గాడిస్! అందరూ గొప్పలు ముందు పెట్టుకునే రోజులివి. మీరు వెనక పెట్టుకున్నారు. ఎంత వినయమండీ!" అంటూ ఆవిడ బండిలోంచి బోర్డు పాతే సుత్తి తీసింది.

హార్లాన్ నోరు తెరిచాడు. అచ్చం పాస్టర్ లాగే తెరిచాడు, అలాగే మూశాడు.

"ఆవిడకి చెప్పు హార్లాన్, అదేంటో" అంది లవర్న్, గుమ్మంలోంచి.

"అదీ... మన వెనక భాగం హనీ."

"హార్లాన్ గాడిస్!" అంది లవర్న్. మా దగ్గర భార్య మొగుణ్ణి ఇంటిపేరుతో సహా పిలిచిందంటే, మీ దగ్గర పుట్టింటికి బండి కట్టించినట్టు లెక్క. "మన వెనక భాగంలో చేపలుంటాయా?"

మిర్నా స్లోకమ్ నవ్వింది. అవార్డు వచ్చిన ఇళ్లలో భార్యలకు కొంచెం అసూయ ఉంటుందని ఆవిడ అనుభవం. పక్కింటి గడ్డిలోంచి బోర్డు పీకి ఇక్కడ పాతింది. ఎర్ల్ కిటికీ తెర కదిలింది.

బండి వెళ్లాక లవర్న్ అటక మీంచి సూట్‌కేసు దించి, తలుపు పక్కన పెట్టింది.

"విను. అది చెరువు అని నీ నోటితో నువ్వు చెప్పాలి. పాస్టర్ వెల్లకిలా తేలాడో, ఆ పూటే నేను వాల్డోస్టా పోతా. మా అక్క జెనీవా దగ్గరికి. దాని చెరువులో ఆవులు దిగుతాయి గానీ ఎరువు దిగదు."

"ఒక చేప కోసమా?"

"ఒక బోర్డు కోసమా?"

హార్లాన్ వెళ్లి బోర్డు నిటారుగా ఉందో లేదో చూసుకున్నాడు. పొద్దున్నే లేచి దానికి దుమ్ము తుడవసాగాడు. రోజూ పొద్దున్నే లవర్న్ గట్టుకెళ్లి పాస్టర్ బతికున్నాడో లేదో చూసొచ్చి, సూట్‌కేసులో ఒక బట్ట పెట్టేది.

సరే, ఇంటి గొడవలు ఏ ఇంట్లో లేవు? లోకోపకారం సంగతి చూడండి. చెరువు లాన్‌గా మారడం వల్ల లాభాలు ఇన్నీ అన్నీ కావు. మామూలు లాన్‌కు నీళ్లు పెట్టాలి, దీనికి నీళ్లు కిందే ఉన్నాయి. చీమలు పట్టవు. పక్కింటి కుక్క వచ్చి పాడు చేయదు, చేద్దామని దూకిన కుక్క ఒకటి ఉంది, దానికి ఇప్పుడు పచ్చిక అంటేనే వైరాగ్యం. పిజ్జా తెచ్చిన కుర్రవాడు అడ్డదారిన లాన్ మీదుగా వద్దామనుకుని పిజ్జా ఒక పక్క, తనొక పక్క తేలాడు. టిప్పు అడక్కుండానే వెళ్లిపోయాడు. బాతులు వచ్చి, వాలాలో దిగాలో తేల్చుకోలేక చర్చ పెట్టుకుని, తీర్మానం లేకుండానే లేచిపోయాయి. దోమలు మాత్రం బ్రహ్మాండంగా బలిశాయి. రక్తదాన శిబిరం అవసరమే లేదు!

ఇంకా పెద్ద మేలు ఉంది. మా చెరువు నిండితే ఊరుకోదు. గొట్టం గుండా నదికి, నది గుండా ఉప్పుటేరుకు పచ్చ పంచుతూ పోతుంది. ఉప్పుటేరు అడుగున ఒక గడ్డి ఉంటుంది. పైన నాచు కప్పేస్తే ఎండ తగలక అది చస్తుంది. ఆ గడ్డే తిని బతికే సముద్రపు ఆవులనే నీటి జంతువులు ఒడ్డున డొక్కలు ఎండి పడి ఉంటాయి. అంటే ఏమిటి? గడ్డి కోసం గడ్డి ప్రాణం ఇచ్చింది! ఇంతకంటే త్యాగం పురాణాల్లో ఉందా? మా గడ్డిని ఎవరూ తినరు, నడవరు, పడుకోరు. తినే గడ్డి పోతేనేం, చూసే గడ్డి నిలిచింది!

ఇట్లా ఉండగా చెరువుకు గడ్డం పెరిగింది. నాచు పైకి ఉబ్బి, కుచ్చులు కుచ్చులుగా లేచింది. మిర్నా స్లోకమ్ గోల్ఫ్ బండిలోంచే మెడ చాపి చూసింది.

"మిస్టర్ గాడిస్, లాన్ అన్నాక నిబంధన ఉంటుంది. గడ్డి మడమ దాటకూడదు. మీది పిక్కలు దాటేట్టుంది. కోయించండి. లేకపోతే బోర్డు వెనక్కి తీసుకోవాల్సొస్తుంది, నాకు చాలా బాధగా ఉంటుంది."

"మేడమ్, అక్కడ కోయాలంటే..." అని హార్లాన్ నసిగాడు.

"కోయాలంటే?"

"...పడవ కావాలి."

"ఎవరి పద్ధతి వాళ్లది" అంది ఆవిడ ఉదారంగా.

హార్లాన్ అడుగు చదునుగా ఉండే పడవ ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. గడ్డి కోసే తీగ మిషన్ భుజాన వేసుకుని, మెడకు తువ్వాలు కట్టుకుని, చెరువుకు క్షవరం మొదలుపెట్టాడు. కాలనీ అంతా కుర్చీలేసుకుని చూశాం. ఏం చెయ్యి తిరిగిన పని! ముందు పక్కలు పలచన చేశాడు, మెడ దగ్గర సన్నగా దించాడు, నడినెత్తిన పాపిడి కూడా తీశాడు. పాపిడిలో మాత్రం నీళ్లు కనపడ్డాయి. అది చూసి ఎర్ల్ "బట్టతల! బట్టతల!" అని అరిచాడు.

ఆ పాపిడిలోనే పాస్టర్ పైకి వచ్చాడు. తిరిగే తీగకు జానెడు దూరంలో నోరు తెరిచి నిలబడ్డాడు. హార్లాన్ మిషన్ ఆపేశాడు. ఎంత గడ్డి పిచ్చి అయినా, కుర్చీలో కూర్చున్నవాడికి ఊపిరి ఆడుతోందో లేదో చూడకుండా కత్తి పెట్టే మంగలి కాదు అతను. తెడ్డు కూడా వేయకుండా అలాగే కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చాక లవర్న్ అడిగింది, "కనపడ్డాడా?"

"ఊఁ."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అనడానికి గాలి లేదు."

లవర్న్ అతని మొహంలోకి చూసింది. ఇప్పుడైనా చెప్తాడేమోనని చూసింది. హార్లాన్ కిటికీలోంచి బోర్డు వైపు చూశాడు. ఆమె లోపలికెళ్లి చెప్పుల జత తెచ్చి సూట్‌కేసులో పెట్టింది. బట్టలు అయిపోయాయన్నమాట.

ఇక ఎర్ల్ డింకిన్స్. బోర్డు పోయిన దిగులుతో అతనికి జ్ఞానోదయం అయింది. 'గడ్డికి వేస్తే గడ్డి మాడింది, చెరువుకు చేరితే చెరువు పచ్చనైంది. మరి మధ్యలో గడ్డి ఎందుకు, దళారీ దండగ!' క్లబ్‌హౌస్‌లో మీటింగు పెట్టించి, చెరువు మొత్తాన్ని కాలనీవాళ్ల ఉమ్మడి లాన్‌గా ప్రకటించాలని, దానికి నేరుగా ఎరువు కొట్టించాలని తీర్మానం పెట్టాడు.

"కానీ వానాకాలం నిషేధం ఉంది కదా?" అన్నాడెవరో చాదస్తుడు.

మిర్నా స్లోకమ్ శ్లోకం అందుకుంది. "కొత్తగా వేసిన లాన్‌కు మినహాయింపు ఉంది. ఈ లాన్ వేసి నెల కాలేదు."

"నీళ్ల పక్కన ఎరువు కొట్టకూడదని కూడా ఉందే!"

"నీళ్లేవి? చుట్టుపక్కల ఇంకెక్కడా చెరువు లేదు. ఉన్న ఒక్కటీ లాన్ అయిపోయింది."

న్యాయశాస్త్రం ఇంత నున్నగా క్షవరం కావడం ఎక్కడైనా చూశారా? చేతులన్నీ లేచాయి. మా చెయ్యి కూడా లేచింది. హార్లాన్ చెయ్యి సగం లేచి, భార్య కూర్చున్న వరస వైపు చూసి, బుర్ర గోక్కుని దిగింది. గురువారం పొద్దున ఎరువు ట్రక్కు వస్తుందని ప్రకటించారు.

గురువారం పొద్దున లవర్న్ చెరువు గట్టుకు వెళ్లొచ్చింది. పాస్టర్ ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నాడు. ఆమె పికప్ తాళాలు తీసుకుంది. పికప్ వెనక సూట్‌కేసు ఎక్కించింది. దాని పక్కన ఐస్ పెట్టె, గాలి బుడగలు వదిలే చిన్న మిషన్, చేపల వల సర్దింది. అప్పుడే పెద్ద ట్రక్కు, దాని వెనకే మిర్నా స్లోకమ్ గోల్ఫ్ బండి వచ్చి చెరువు గట్టున ఆగాయి, ఎర్ల్‌తో సహా మేమంతా అప్పటికే అక్కడ చేరాం. డ్రైవరు దిగి గొట్టం విప్పుతూ, పచ్చటి మైదానాన్ని మెచ్చుకోలుగా చూశాడు.

"బలే ఉందే! కుర్రాళ్లు బంతాట ఆడుకోవచ్చు."

హార్లాన్ వరండాలో నిలబడి ఉన్నాడు. ట్రక్కు వైపు చూశాడు, పికప్ వైపు చూశాడు. పికప్‌లో డ్రైవరు సీటు తలుపు తెరిచి ఉంది, పక్క సీటు తలుపు మూసి ఉంది. కొన్ని విషయాలు మగవాడికి తలుపుల వల్లే తెలుస్తాయి.

"ఆపండి!" అని అరుచుకుంటూ పరిగెత్తాడు. "మేడమ్! అది లాన్ కాదు! అది చెరువు! చెరువు!"

లవర్న్ తాళం తిప్పబోతున్న చెయ్యి ఆగింది.

"మిస్టర్ గాడిస్, కమిటీ తీర్మానం అయిపోయింది" అంది మిర్నా స్లోకమ్.

"తీర్మానం అయితే నీళ్లు గడ్డి అవుతాయా అండీ?"

"మెజారిటీ వస్తే ఎందుకు కాకూడదు?"

మాటలతో లాభం లేదని హార్లాన్‌కు అర్థమైంది. బూట్లతోనే ముందుకు నడిచాడు. ఒక అడుగుకు మోకాళ్లు, మరో అడుగుకు నడుం, ఆపైన ఛాతీ. మెడకు పచ్చ తువ్వాలు చుట్టుకున్నట్టు నాచులో నిలబడి, రెండు చేతులూ పైకెత్తాడు. ఇంతకంటే రుజువు ఏ కోర్టు అడుగుతుంది!

మిర్నా స్లోకమ్ బండిలో లేచి నిలబడింది.

"మిస్టర్ గాడిస్! దయచేసి గడ్డి మీంచి దిగండి! గడ్డి మీద నడవకూడదని బోర్డు ఉంది!"

"ఏం హార్లాన్, నీకొక్కడికేనా లాన్? మేం కూడా డబ్బు కట్టాం!" అన్నాడు ఎర్ల్.

అయితే ధర్మం ఊహించని చోటు నుంచి వచ్చింది. ట్రక్కు డ్రైవరు గొట్టం కింద పడేసి చేతులు దులుపుకున్నాడు. "లాన్ మీద మనిషుంటే మందు కొట్టకూడదమ్మా. మా కంపెనీ రూలు. ఆయన దిగితేనే కొడతా."

"నేను దిగను" అన్నాడు హార్లాన్. దిగి ఉన్నవాడు దిగననడం మా కాలనీలో అదే మొదటిసారి.

ఎండ ముదిరింది. కాళ్లు బురదలో కూరుకుపోతున్నాయి. దోమలు రక్తదానానికి వరస కట్టాయి. లవర్న్ పికప్ దిగొచ్చి, జున్ను శాండ్‌విచ్ ఒకటి వలలో పెట్టి చెరువులోకి చాపింది. హార్లాన్ అందుకుని తిన్నాడు.

చివరికి మిర్నా స్లోకమ్ మనసు కరిగింది. చల్లని మనిషి. పైగా బండి బ్యాటరీ అయిపోవస్తోంది.

"సరే, రాజీ. మిస్టర్ గాడిస్ మనోభావాలు గౌరవిస్తూ, చెరువులో చుక్క ఎరువు కూడా పోయొద్దు. కమిటీ మాటిస్తోంది. సంతోషమేనా?"

"సంతోషమే" అన్నాడు హార్లాన్. జీవితంలో మొదటిసారి అతను గడ్డి వైపు కాకుండా ఇంకో వైపు నిలబడి గెలిచాడు.

"మరి ట్రక్కు నిండా తెచ్చింది ఏం చెయ్యమంటారు? వెనక్కి తీసుకెళ్లడానికి నాకు పర్మిషన్ లేదు" అన్నాడు డ్రైవరు.

"దానిదేముంది? మాడిపోయిన లాన్లన్నీ మళ్లీ కొత్తగా వేసుకోవాల్సినవేగా! కొత్త లాన్‌కు మినహాయింపు ఉంది. వాటి మీద కొట్టెయ్" అంది మిర్నా స్లోకమ్. "గడ్డి మీదే సుమా! చెరువు జోలికి పోకు."

మేమంతా చప్పట్లు కొట్టాం. పర్యావరణం గెలిచిన చోట కళ్లు చెమర్చని రాతిమనిషి ఎవరుంటారు? ట్రక్కు ఇంటింటికీ తిరిగి, వాలుగా ఉన్న పెరళ్ల మీద పైనుంచి కిందికి, గట్టు అంచు దాకా, చెరువులో చుక్క పడకుండా, ఎంతో జాగ్రత్తగా మొత్తం ఖాళీ చేసింది. ఎర్ల్ కళ్లు తుడుచుకుని, తన పెరట్లో రెండోసారి కొట్టమని బతిమాలాడు.

పడమట ఉరిమింది.

హార్లాన్ చెరువులోంచే ఆ వాలు వైపు చూశాడు. కింద నిలబడి చూస్తే వాలు బాగా తెలుస్తుంది. తర్వాత లవర్న్ వైపు చూశాడు. ఆమె అప్పటికే మబ్బు చూసి, ఐస్ పెట్టె మూత తీసి గట్టుకు తెచ్చింది.

"బయటికి రాకు. నీ ఎడమ చేతి పక్కనే ఉన్నాడు" అంది. "వల వద్దు, బెదురుతాడు. కింది పెదవి లోపల బొటనవేలు పెట్టి మెల్లగా పట్టుకో."

ఎన్ని గడ్డాలు పట్టిన చెయ్యి అది! హార్లాన్ వంగి పాస్టర్ గడ్డం పట్టుకున్నాడు. "రా బాబూ, నీకు పుణ్యం ఉంటుంది" అని గడ్డం పట్టుకునే బతిమాలాడు. పాస్టర్ రెండుసార్లు తోక విదిల్చి, పెట్టె నీళ్లలోకి దిగడానికి ఒప్పుకున్నాడు.

"ఇది మా ఆవిడ చెరువు మేడమ్" అన్నాడు హార్లాన్ గట్టెక్కుతూ. మిర్నా స్లోకమ్ అడగలేదు. అయినా చెప్పాడు.

లవర్న్ పికప్ పక్క సీటు తలుపు తెరిచింది. హార్లాన్ ఒళ్లంతా నాచుతో, ఒళ్లో ఐస్ పెట్టెతో ఎక్కి కూర్చున్నాడు. పెట్టెలో బుడగల మిషన్ గుడగుడలాడుతోంది.

"వాల్డోస్టాలో మీ అక్క పెరట్లో అంతా కలుపేగా?" అన్నాడు.

"కలుపే. నోరు మూసుకుని కూర్చో" అంది లవర్న్. ఆమె అంత ప్రేమగా మాట్లాడటం విని చాలాకాలమైంది.

వాళ్లు గేటు దాటుతుండగా మొదటి చినుకు పడింది. మేం కుర్చీలు వరండాల్లోకి లాక్కుని, మా గడ్డి తడుస్తుంటే ఆనందంగా చూస్తూ కూర్చున్నాం. చట్టం మీద, కమిటీ మీద మాకు నమ్మకం ఇంకా పెరిగింది. చెరువులో ఎరువు పోయడం మహాపాపం, అది ఎవరూ చేయలేదు. గడ్డి మీద పోయడం పౌరధర్మం, అది అందరం చేశాం. రెండింటికీ మధ్య ఎంత దూరం అంటారా?

ఒక్క వాన.